ఆయిల్ మూత తీస్తే పొగ వచ్చినంత మాత్రాన బోర్ పోయినట్టేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. పాత కారు కొనేవాళ్లు ఏమేం చూసుకోవాలో మొన్న ఆదివారం మీ పత్రికలో వేశారు. టైరు మీద తయారీ వారం చూడమన్నారు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చుకోమన్నారు, ఇన్సూరెన్స్ క్లెయిములు ఉన్నాయేమో కనుక్కోమన్నారు. బాగుంది. అదే పెట్టెలో, ఇంజన్ స్టార్ట్ చేసి ఆయిల్ పోసే మూత తీయమని, పొగ వస్తే బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగి పోయినట్టేనని, ఆ కారు జోలికి పోవద్దని కూడా రాశారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియక అమ్ముకునేవాళ్లు నష్టపోతున్నారు, కొనేవాళ్లు మంచి బండ్లు వదులుకుంటున్నారు.

నేనెవరో చెప్పాలి కదా. విజయనగరంలో మాది కార్ల స్పేర్ పార్ట్స్ షాపు. సాలూరు లారీల వాళ్లను నమ్ముకుని మా మామగారు పెట్టిందది. తర్వాత్తర్వాత లారీ సామాను తగ్గి కార్ల సామాను పెరిగింది, కౌంటర్లోకి నేను వచ్చాను. పానా పట్టి ఇంజన్ విప్పడం నా పని కాదు. కానీ ఏ బండికి ఏ సామాను పోతోందో, తీసుకెళ్లిన సామానే మళ్లీ ఎవరు అడుగుతున్నారో కౌంటర్లో కూర్చున్నవాళ్లకు తెలిసినంతగా ఒక్కోసారి షెడ్డులో ఉన్నవాళ్లకు కూడా తెలియదు. బిల్లు పుస్తకమే చెప్పేస్తుంది.

మా ఊళ్లో పాత బండ్ల బేరాలు చేసే బ్రోకరు ఒకాయన ఉన్నాడు. బండి చూడ్డానికి వెళ్తే ముందు కాసేపు ఊరంతా తిప్పించి ఇంజన్ బాగా కాగనిస్తాడు. తర్వాత బానెట్ ఎత్తి, ఓనరు చూస్తుండగా ఆయిల్ మూత తీస్తాడు. సన్నగా పొగ లేస్తుంది. ఏమీ అనడు. మూత పెట్టేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడతాడు. ఓనరే అడుగుతాడు, ఏమయిందండీ అని. "ఏటవుతాది బాబూ, బోరు పోయినాది" అంటాడు. బోర్ పని అంటే ఇంజన్ దించడం, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ ప్యాకింగ్, లేత్ పని. ఇక బేరం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. గజపతినగరం వైపు పనిచేసే ఒక టీచరుగారి పెట్రోలు కారు అలాగే చవగ్గా పోయింది. కొన్ని రోజులకే ఆ బ్రోకరు దగ్గర పనిచేసే కుర్రాడు మా షాపుకొచ్చి ఆ మోడల్‌కి పిసివి వాల్వ్ (ఇంజన్ అడుగున చేరే పొగను మళ్లీ ఇంజన్‌లోకే పంపే చిన్న వాల్వ్), దాని రబ్బరు పైపు, ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ పట్టుకెళ్లాడు. రింగుల సెట్టు ఊసే ఎత్తలేదు. ఆ కారు ఇప్పటికీ మా వీధిలోంచే తిరుగుతోంది, పొగా లేదు పాడూ లేదు.

ఆ వాల్వ్ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఎంత కొత్త ఇంజన్ అయినా పిస్టన్ రింగులు గాలి చొరబడనంత బిగువుగా ఉండవు. పైన పెట్రోలు మండిన ప్రతిసారీ కొంత వాయువు రింగుల పక్కనుంచి జారి, కింద ఆయిల్ ఉండే క్రాంక్ కేసులోకి దిగుతుంది. అందులో కాలని పెట్రోలు ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది, ఆయిల్‌ను పాడుచేసే ఆమ్లాలుంటాయి. దాన్ని ఎటో ఒకవైపు పంపాలి. పూర్వం కార్లకు ఇంజన్ కిందనుంచి ఒక గొట్టం వేలాడేది. బండి పరుగెడుతుంటే ఆ గాలి లాగుడుకి పొగంతా రోడ్డు మీదికి పోయేది. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు లోతు నీళ్లలో దిగి వాగులు దాటాల్సొచ్చినప్పుడు ఆ గొట్టంలోంచి నీళ్లు పైకి వస్తాయని, దాన్ని మూసేసి ఇంజన్ తన పొగ తనే పీల్చుకునే ఏర్పాటు చేశారు. కాలిఫోర్నియాలో గాలి చెడిపోయిందని గోల మొదలయ్యాక 1961 మోడల్ కార్లకు అక్కడ, 1963 నుంచి అమెరికా అంతటా అదే పద్ధతి వచ్చింది. మన దేశంలో కూడా పెట్రోలు కారుకి అనుమతినిచ్చే పరీక్షల్లో క్రాంక్ కేసు వాయువు బయటికి పోకూడదన్న పరీక్ష ఒకటి ఉంది.

ఆ ఏర్పాటుకి తలుపులాంటిది పిసివి వాల్వ్. చాలా బండ్లలో బొటనవేలంత ఉంటుంది, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) మీద రబ్బరు బుష్‌లో కూర్చుని ఉంటుంది. లోపల ఒక పిన్ను, ఒక స్ప్రింగు. బండి స్లోలో ఉన్నప్పుడు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టాలు) లాగుడు చాలా ఎక్కువ. ఆ లాగుడికి పిన్ను ముందుకు జరిగి దారి సన్నబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే లాగుడు తగ్గుతుంది, కింద పొగ పెరుగుతుంది. అప్పుడు స్ప్రింగు పిన్నును వెనక్కి తోసి దారి వెడల్పు చేస్తుంది. మానిఫోల్డ్‌లోంచి మంట ఎదురుతన్నితే దారి మూసేస్తుంది. కొత్త రకాల్లో పిన్ను బదులు పల్చటి రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది, అది ట్యాపెట్ కవర్ లోపలే కలిసిపోయి ఉంటుంది.

ఈ వాల్వ్ మూసుకుపోతే పొగ పోవడానికి దారి ఉండదు. రంధ్రం పూడిన కుక్కర్‌లో ఆవిరి ఎటు బలహీనంగా ఉంటే అటు తన్నుకొచ్చినట్టు, ఇక్కడ ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, క్రాంక్ ఆయిల్ సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ మొదలవుతుంది. ఆయిల్ గేజ్ పుల్ల తనంతట తనే కాస్త పైకి లేచి ఉంటుంది, దాని చుట్టూ నల్లగా ఆయిల్ చిమ్మి ఉంటుంది. ట్యాపెట్ కవర్‌ని ఎయిర్ ఫిల్టర్ వైపు కలిపే బ్రీదర్ పైపులో పొగ వెనక్కి తిరిగి ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసిపోతుంది. మా షాపులో ఈ బండ్లను గుర్తుపట్టడం సులువు: ముందు ట్యాపెట్ ప్యాకింగ్ కొంటారు, తర్వాత ఫ్రంట్ సీల్ కొంటారు, ఏడాది తిరక్కుండా మళ్లీ అదే ప్యాకింగ్‌కి వస్తారు, పైగా "మీరిచ్చిన ప్యాకింగ్ డూప్లికేట్" అని నా మీదే లేస్తారు. ప్యాకింగ్ ఏం చేస్తుంది పాపం, లోపలినుంచి అంత ప్రెషర్ తన్నుతుంటే.

వాల్వ్ తెరుచుకుని అలాగే ఉండిపోయినా, డయాఫ్రమ్ చిరిగినా లక్షణాలు వేరు. లెక్కలో లేని గాలి ఇంజన్‌లోకి పోతుంది. స్లో నిలబడదు, సిగ్నల్ దగ్గర బండి వణుకుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే పి0171 అని వస్తుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేదని అర్థం. అది చూసి కొందరు ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు, ఇంజెక్టర్లు క్లీన్ చేయిస్తారు, ప్లగ్గులు వేస్తారు. ఆ సామాను అమ్మితే నాకూ లాభమే అనుకోండి. డయాఫ్రమ్ చిరిగిన బండ్లలో ఇంకోటి కూడా ఉంటుంది: సన్నటి ఈల శబ్దం వస్తుంది, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత చేత్తో తీద్దామంటే ఎవరో లోపలినుంచి పట్టుకున్నట్టు రాదు. ఆయిల్ కూడా మానిఫోల్డ్‌లోకి లాగేసుకుంటుంది కాబట్టి సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుంది. నీలం పొగ చూసి కూడా బోరే అంటారు.

ఇక తేల్చుకోవడం ఎలా? మా పక్క షెడ్డు మెకానిక్ రోజూ చేసేదే రాస్తున్నాను, ఇందులో పెద్ద విద్యేమీ లేదు. పెట్రోలు బండి అయితే, ఇంజన్ స్లోలో ఉండగా మూత తీసి ఆ నోటి మీద పల్చటి పాలిథిన్ కవరు ముక్క పెట్టాలి. వాల్వ్ బాగుంటే ఆ ముక్క మెల్లగా లోపలికి వంగి అతుక్కుంటుంది. రెపరెపలాడుతూ పైకి లేస్తే లోపల ప్రెషర్ ఉన్నట్టు. చప్పుడు చేస్తూ గట్టిగా లోపలికి పీల్చేసిందంటే డయాఫ్రమ్ మీద అనుమానపడాలి. తర్వాత వాల్వ్‌ను ట్యాపెట్ కవర్ నుంచి ఊడదీసి, పైపు మాత్రం దానికే ఉంచి, వాల్వ్ మూతి మీద బొటనవేలు పెట్టాలి. వేలు లాగినట్టుండాలి. లాగకపోతే వాల్వ్ అయినా పూడి ఉండాలి, పైపు అయినా లోపల మెత్తబడి ముడుచుకుపోయి ఉండాలి. వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపితే లోపల పిన్ను టకటకలాడుతుంది. చప్పుడు లేకపోతే బంకతో అతుక్కుపోయినట్టే. కానీ చప్పుడు వచ్చినంత మాత్రాన బాగుందనుకోకూడదు, స్ప్రింగు చచ్చిపోయినా పిన్ను కదులుతూనే ఉంటుంది. స్కానర్ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది: స్లోలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సరిచేస్తోందో చూపే లెక్క) బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకి దగ్గరగా వస్తే ఎక్కడో గాలి లీకవుతోందన్నమాట. అప్పుడు వాల్వ్, దాని పైపు ముందు చూడాలి.

మరి నిజంగా బోర్ పోయిన బండి ఉండదా? ఎందుకుండదు, బోలెడు. అందులో మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని దెబ్బలుదెబ్బలుగా వస్తుంది, గేజ్ పుల్ల గొట్టంలోంచి కూడా వస్తుంది, కొత్త వాల్వ్ వేసినా ఆగదు. అనుమానముంటే కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొలిచే గేజ్ పెట్టించాలి. తక్కువ చూపించిన సిలిండర్లో ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, కంప్రెషన్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే హెడ్‌లో ఉండే ఇంజన్ వాల్వుల (పిసివి కాదు) వైపు చూడాలి. మంచి షెడ్డులో ఇదంతా గంట పని. ఈ గంట ఖర్చు పెట్టకుండా ఎవరైనా ఇంజన్ దించుతానంటే ఇంకో షెడ్డు చూసుకోండి. డీజిల్ బండ్లకు మాత్రం పైన చెప్పిన పాలిథిన్ పరీక్ష అలాగే పనికిరాదు. వాటి ఇన్‌టేక్‌లో పెట్రోలు బండికున్నంత లాగుడు ఉండదు, మూత తీస్తే కొంత పొగ మంచి బండిలోనూ కనిపిస్తుంది.

మన ఊళ్లలో ఇంకో తికమక కూడా ఉంది. మయూరి జంక్షన్ నుంచి గంట స్తంభం దాకా, బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బజారుకి మాత్రమే తిరిగే కార్లలో ఇంజన్ పూర్తిగా కాగదు. లోపలి నీటి ఆవిరి బయటికి పోయే లోపే ఇంజన్ ఆపేస్తారు. చలికాలం పొద్దున్న ఆయిల్ మూత తిప్పి చూస్తే వెన్నలాంటి లేత పసుపు ముద్ద అంటుకుని ఉంటుంది. హెడ్ ప్యాకింగ్ పోయి నీళ్లు కలిశాయని వెంటనే టెన్షన్ పడిపోతారు. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గడం లేదు, గేజ్ పుల్ల మీద ఆయిల్ మామూలు రంగులోనే ఉంది అంటే కంగారక్కర్లేదు. వాల్వ్, పైపు పూడలేదేమో చూసుకుని, అప్పుడప్పుడూ బండిని హైవే మీద ఓ గంట నడిపితే చాలు. అలాగని ఆ ముద్దను ఏళ్ల తరబడి వదిలేస్తే అదే పోయి వాల్వ్‌కి అడ్డంపడుతుంది.

మార్చడం విషయానికొస్తే, పిన్ను రకం అయితే చిన్న పనే, కానీ తొందరపడితే పెద్దదవుతుంది. మొన్నొకటి షాపు ముందే చూశాను. ఆ వాల్వ్ కూర్చున్న రబ్బరు బుష్ వేడికి కాలి కాలి నల్ల ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడిపోయింది. కుర్రాడు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తబోయాడు. మెకానిక్ వాడి చెయ్యి పట్టుకుని ఆపి, బుష్ చుట్టూ కాస్త ఆయిల్ వేసి, వాల్వ్‌ను అటూ ఇటూ తిప్పుతూ తీశాడు. అయినా బుష్ అంచు గోరంత ముక్క విరిగి రంధ్రం లోపలికి వంగింది. దాన్ని సన్న పట్టకారతో పట్టుకుని పైకి లాగేదాకా ఆ మనిషి ఊపిరి బిగబట్టాడు, ఎందుకంటే అది లోపల పడితే ట్యాపెట్ కవర్ మొత్తం విప్పాలి. ఇంజన్ చల్లారాకే చేయాలి, ప్లాస్టిక్ కవర్ అయితే మరీ జాగ్రత్త. బుష్, పైపు కూడా వాల్వ్‌తోపాటే మార్చేయడం మేలు. పాత పైపు వేలితో నొక్కితే ఉబ్బి మెత్తగా ఉంటుంది, లేదా పగులు పట్టి ఉంటుంది. ఆ పైపుని ఎంత గట్టిగా క్లిప్పు వేసి బిగించినా గాలి లాగుతుంది. మరలు తిప్పే రకం వాల్వ్ అయితే చేత్తో ఎక్కించి చివర్న కొద్దిగా బిగిస్తే చాలు.

నా కౌంటర్ నుంచి చెప్పాల్సింది ఒకటుంది: చూడ్డానికి ఒకేలా ఉండే వాల్వ్‌లు బోలెడు. లోపల స్ప్రింగు బలం, రంధ్రం సైజు ఇంజన్‌ని బట్టి మారతాయి. "ఇదే సైజు అక్కా, ఇచ్చేయ్" అని ఎవరైనా అంటే ఇవ్వను, ఇంజన్ నంబరు, తయారీ సంవత్సరం చెప్పమంటాను. నా వెనకాల విసుక్కుంటారని తెలుసు.

డయాఫ్రమ్ రకం బండ్ల వాళ్ల బాధ ఇంకోటి. చిరిగింది అరచేతిలో పట్టే రబ్బరు ముక్క. చాలా మోడళ్లలో కంపెనీ దాన్ని విడిగా అమ్మదు, ట్యాపెట్ కవర్ మొత్తం కొనమంటుంది. వందల్లో పోవాల్సింది వేలల్లోకి పోతుంది. అంత పెట్టలేక బయటి రకం డయాఫ్రమ్ తెచ్చి అంటించేవాళ్లు ఉన్నారు. కొన్ని నిలుస్తాయి, కొన్ని నెలల్లోనే మళ్లీ ఈల వేస్తాయి. ఆ రబ్బరు ముక్కను విడిగా అమ్మితే కంపెనీలకు పోయేదేమిటో నాకు అర్థం కాదు. వినియోగదారుల సంఘాల వాళ్లు ఇలాంటివి పట్టించుకోవాలి.

ఖర్చుకి వెనకాడి కొందరు చేసే ఇంకో పని చూస్తే మాత్రం కోపమొస్తుంది. బ్రీదర్ పైపు ఊడదీసి కిందికి వేలాడేస్తారు, లేదంటే దాని చివర ఖాళీ కూల్ డ్రింక్ సీసా కట్టేస్తారు. ఆయిల్ సీసాలో పడుతుంది కదా, ఇబ్బందేముంది అంటారు. అరవై ఏళ్ల కిందట మానేసిన రోడ్డు గొట్టానికీ దీనికీ తేడా ఏముంది? మానిఫోల్డ్ వైపు రంధ్రం సరిగ్గా మూయకపోతే గాలి లోపలికి లాగి స్లో చెడిపోతుంది. బానెట్ కింద పోగైన ఆ పొగ ఏసీ గాలి తీసుకునే జాలీ గుండా కారులోకే వస్తుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మీద బరువు పడి పొగ ఇంకా ఎక్కువవుతుంది, వెనక సీట్లో పిల్లలు తల తిప్పుతోందంటారు. మలుపుల వల్ల అనుకుని నిమ్మకాయ వాసన చూపిస్తారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట అయినా ఇది దొరుకుతుందా అంటే దొరకదు. పెట్రోలు బండికి సైలెన్సర్లో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిల్‌కి పొగ సాంద్రత చూస్తారు. బానెట్ ఎత్తరు. సీసా కట్టుకున్న బండి కూడా సర్టిఫికెట్ తీసుకుని దర్జాగా వెళ్లిపోతుంది. బ్రీదర్ పైపు దాని చోట ఉందో లేదో చూడ్డానికి మిషనేమీ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. రవాణా శాఖ వారు ఆ ఒక్క లైను తనిఖీలో చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకు కూడా ఒక మనవి. పండగ సీజన్లో పాత కార్ల బేరాలు జోరందుకుంటాయి కాబట్టి మీరు ఈ సూచనలు మళ్లీ వేస్తారనే అనుకుంటున్నాను. అప్పుడు ఆ ఆయిల్ మూత మాట పక్కన, పొగ కనిపిస్తే ముందు పిసివి వాల్వ్ చూపించుకోవాలని, ఆ తర్వాత కంప్రెషన్ చూపించుకోవాలని, అది తేలాకే ధర మాట్లాడుకోవాలని రెండు ముక్కలు చేర్చండి. అమ్మేవాళ్లయితే బ్రోకరు రాకముందే మీ మెకానిక్ చేత చూపించి, పాత వాల్వ్‌ని బిల్లుతో సహా డాష్‌బోర్డులో పెట్టుకోండని కూడా వేయండి.

బ్రోకర్లు కూడా మా ఖాతాదారులే కాబట్టి నా పేరు, షాపు పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్పేర్ పార్ట్స్ వ్యాపారి,
విజయనగరం